మూడు రిమోట్ల ఇల్లు

ఉతికే ముందు జేబులు వెతకడం పెళ్లయిన కొత్తలో మొదలైన పని. ఇరవై రెండేళ్లుగా మా ఆయన జేబుల్లోంచి పెన్నులు, గోలీలు, ఎవరెవరివో విజిటింగ్ కార్డులు, సగం నమిలి చుట్టిపెట్టిన వక్క పొట్లాలు తీస్తూనే ఉన్నాను. ఒకసారి చూసుకోకుండా వేస్తే కొత్త సిమ్ కార్డు మిషన్లో తిరిగి పాడైపోయింది. "కండ్లు యాడ పెట్టి ఏసినవ్?" అన్నాడు. జేబులో పెట్టి మరిచిపోయింది ఆయన. కళ్లు లేనిది నాకు.

ఆ సోమవారం పొద్దున సూట్‌కేసు ముందేసుకొని కూర్చున్నాను. ముందురోజే కరీబియన్ దీవి నుంచి తిరిగొచ్చాం. మడతల్లోంచి ఇంకా తెల్లటి ఇసుక రాలుతోంది. ఆయన నీలం గళ్ల చొక్కా జేబులో నాలుగు మడతలు పెట్టిన కాగితం చేతికి తగిలింది. పైన హోటల్ పేరు అచ్చువేసి ఉంది. కింద పెన్నుతో గీసిన ఇల్లు. ఎత్తయిన మెట్లు, ముందు ఆరు స్తంభాలు, చుట్టూ వరండా. మా ఆయన బొమ్మ గీయగా నేనెన్నడూ చూడలేదు. స్తంభాలు చూడగానే అది ఏ ఇల్లో తెలిసిపోయింది. మిగతా మడత విప్పబోతుంటే వంటింట్లో గుడి గంట మోగింది. కాగితాన్ని జాకెట్లో దోపుకొని లేచాను.

మా ఇంట్లో గుడి గంట అంటే మా అత్తమ్మ కౌసల్యమ్మ. మూడేళ్ల కింద ఆమెకు మోకాలి ఆపరేషన్ అయినప్పుడు దవాఖాన నుంచి వస్తూ మా ఆయన జనార్దన్ ఒక వైర్‌లెస్ కాలింగ్ బెల్ కొనుక్కొచ్చాడు. రిమోట్ అత్తమ్మ మంచానికి కట్టాడు, మోగే డబ్బా వంటింటి ప్లగ్గులో పెట్టాడు. ఆ నెల రోజులు అది నిజంగానే అవసరం, నేను కాదనను. తర్వాత మోకాలు బాగైంది. అత్తమ్మ ఇప్పుడు చిలుకూరు గుడికి పోయి పదకొండు ప్రదక్షిణలు చేసి వస్తుంది. బెల్లు మాత్రం ఉండిపోయింది. ఉండిపోవడమే కాదు, పిల్లల్ని కూడా పెట్టింది. హాల్లో సోఫా పక్కన ఒక రిమోట్, అది నొక్కితే పిట్ట కూస్తుంది, అంటే మా ఆయనకు చాయ్ కావాలి. మేడ మీద గదిలో ఇంకొకటి, అది పెళ్లి బ్యాండు, అంటే మీటింగుకొచ్చిన పార్టీవాళ్లు ఎంతమంది కూర్చున్నారో చాయ్‌ల కోసం పైకెక్కి లెక్కపెట్టుకొని రావాలి. నేను వెనక పూల షెడ్డులో ఉంటే వినబడటం లేదని అక్కడ కూడా ఒక డబ్బా పెట్టించాడు. "పరేషాన్ లేకుండ చేసిన నీకు" అన్నాడు. ఎవరి పరేషానో నేను అడగలేదు.

అత్తమ్మ మంచం మీద కూర్చొని ఉంది. ఫ్లాస్కు చేతికందే దూరంలోనే ఉంది.

"గోలీ ఏసుకుంట. జర గోరెచ్చని నీళ్లు పొయ్యి" అన్నది. పోశాను. గ్లాసు అందుకుంటూ నా ముఖంలోకి చూసింది. "వాడు నిన్ను గంత దూరం తీస్కపోయి దేశం చూపిచ్చిండు. ఎందరు ఆడోళ్లకు దక్కుతది గట్ల? మొఖం జర నవ్వుతున్నట్టు పెట్టుకో. వాడు ఏం చెప్పినా ఊఁ అను."

ఏం చెప్పబోతున్నాడో ఆమెకు తెలుసని ఆ మాటతో నాకు తెలిసింది. నేను గ్లాసు తీసుకొని వచ్చేశాను.

అనుమానం నాకు కొత్త కాదు. ఈ ప్రయాణం మొదలైనప్పటి నుంచీ ఉంది. జనార్దన్‌కు చేవెళ్లలో డ్రిప్పు పైపుల దుకాణం. బాగా అమ్మిన డీలర్లను కంపెనీవాళ్లు అప్పుడప్పుడు విమానమెక్కిస్తారు. ఆయన మూడుసార్లు బ్యాంకాక్ పోయాడు. మూడుసార్లూ "ఆడోళ్లు రారు" అన్నాడు. ఈసారి మాత్రం తానే నన్ను పాస్‌పోర్టు ఫొటోకు తీసుకుపోయాడు. షూస్ కొనిపెడతానని నా కాలి సైజు అడిగాడు. ఇరవై రెండేళ్లలో ఆయన నా కాలి సైజు అడగడం అదే మొదలు. సంతోషపడాల్సిన చోట, ఇప్పుడే ఎందుకు అడిగాడా అని లెక్కలేసుకున్నాను. ప్రేమగా ఉన్న మొగుణ్ని అనుమానించే ఆడదాన్ని ఎవరూ మెచ్చరు, నన్ను నేనే మెచ్చుకోలేదు. గండిపేట దగ్గర కాలేజీలో చదివే మా బిడ్డ అక్షయకు ఫోన్ చేసి మెల్లగా కదిపాను. "మమ్మీ, జర ఎంజాయ్ చెయ్. అన్నిట్ల సీబీఐ లెక్క చూడకు" అని నవ్వింది. నిజమే కాబోలు అనుకొని సూట్‌కేసు సర్దుకున్నాను.

ఇంటి వెనక ఒక ఎకరంలో ప్లాస్టిక్ కప్పు కింద పూలు పెంచే నా పాలీహౌస్ ఉంది. నా అని ఎందుకంటున్నానంటే అది కాగితం మీద కూడా నాదే. తొమ్మిదేళ్ల కింద మా ఆయన తన పేరు మీద ఒక పాలీహౌస్‌కు సబ్సిడీ తీసుకున్నాడు. రెండోదానికి ఆయన పేరు పనికిరాదన్నారు. అందుకని ఆ ఎకరం నా పేరు మీదికి మార్చి, నా ఫొటోతో పట్టాదారు పాస్‌బుక్ చేయించి, నా పేరున రెండోది కట్టించాడు. ఆయనది రెండో ఏటి గాలివానకు ప్లాస్టిక్ చిరిగి పడిపోయింది, మళ్లీ ఎవరూ పట్టించుకోలేదు. నాది నిలబడింది. ఎందుకు నిలబడిందంటే గాలి లేచిన ప్రతిసారీ నేనూ నాతో పనిచేసే సంగమ్మా తాళ్లు పట్టుకొని నిలబడ్డాం కాబట్టి. జెర్బెరా పువ్వును కత్తితో కోయరు. కాడను మొదట్లో పట్టుకొని పక్కకు వంచి లాగాలి. లాగేటప్పుడు చిన్న చప్పుడొస్తుంది, ఆ చప్పుడును బట్టి మొక్క బాగుందో లేదో చెప్పగలను. ఒక్కో పువ్వు తలకు ప్లాస్టిక్ టోపీ తొడిగి, పదేసి కట్ట కట్టి గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కు పంపుతాం. మండలం మీటింగుల్లో "మా జనార్దన్ పూలతోట" అంటారు. ఆయన కాదనడు.

ఆ సబ్సిడీ కాగితాల కోసం చేవెళ్ల ఆఫీసులో వేలిముద్ర వేయాల్సి వచ్చింది. నాలుగుసార్లు పెట్టినా మిషన్ నా వేలిని పట్టలేదు. వెనక లైన్లో అందరూ ఉన్నారు. ఆయన తన రుమాలుతో నా బొటనవేలు గట్టిగా తుడుస్తూ "ఏం చేతులే ఇవి? కూలోళ్ల చేతులు గూడ గిట్లుండవ్" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, అదే నాకు ఇప్పటికీ మండుతుంది.

నిన్న శంషాబాద్‌లో విమానం దిగి కారెక్కగానే మళ్లీ ఆ వేలు ఆయనకు గుర్తొచ్చింది. "రేపు పన్నెండున్నరకు చేవెళ్ల తాసిల్దార్ ఆఫీసుల స్లాట్ ఉన్నది. ఆధార్ కార్డు సంచిల పెట్టుకో" అన్నాడు.

"ఎందుకు?"

"పాలీహౌస్ సబ్సిడీది రెన్యువల్. వేలు పెట్టి వచ్చుడే. ఐదు నిమిషాల పని."

సబ్సిడీ ఎప్పుడో అయిపోయింది. అయినా పూలతోట పనికి ఉద్యానశాఖవాళ్లు రావాలి గాని తాసిల్దార్ ఎందుకు? అడగలేదు. కారు మొయినాబాద్ దాటుతుంటే రోడ్డు పక్క ఫామ్‌హౌస్‌ల గేట్లు ఒక్కొక్కటీ లెక్కపెడుతూ కూర్చున్నాను. మా ఆయన కూడా అటే చూస్తున్నాడు.

ఆ దీవిలో స్తంభాల ఇంటికి పోయింది ఐదో రోజు. చెరుకు తోటల మధ్య గుట్ట మీద ఉంది. దాన్ని గ్రేట్ హౌస్ అంటారట. బస్సు దిగగానే మెట్ల ముందే ఆగిపోయాను. తెల్లటి స్తంభాలు, నున్నటి చెక్క నేల, కిటికీ తెరిస్తే సముద్రం. ఇంత అందమైన ఇల్లు నేను చూడలేదు. చూసినకొద్దీ ఏదో దాస్తున్నట్టు అనిపించింది. ఈ నేలను ఎవరు తుడిచారు అన్నదే నా మొదటి ఆలోచన. నా బుద్ధే అంత, ఏ ఇంటికి పోయినా మూలలు చూస్తాను.

ఇల్లు చూపించే ఆవిడ పేరు డెల్ఫిన్. నా వయసే ఉంటుంది. నల్లగా, నిటారుగా, నవ్వకుండా మాట్లాడేది. నేను ఇంటర్ దాకా చదివాను, మెల్లగా చెబితే ఇంగ్లిష్ అర్థమవుతుంది. ఆవిడ మెల్లగానే చెప్పింది. ఆఫ్రికా నుంచి మనుషుల్ని ఓడల్లో తెచ్చి అమ్మడం, కొన్నవాడు వాళ్లతో చెరుకు కొట్టించడం, ఆ చెరుకుతో ఈ ఇల్లు లేవడం. గోడ మీద దొర పటం, పక్కన దొరసాని పటం. డీలర్లు పటాల ముందు నిలబడి ఫొటోలు దిగారు. మా ఆయన మాత్రం ఫొటోలు దిగలేదు. వరండాను అడుగులతో కొలుస్తున్నాడు. ఒక స్తంభాన్ని కౌగిలించుకొని చుట్టుకొలత చూశాడు. వరప్రసాద్‌కు వీడియో కాల్ చేసి "గీ మెట్లు చూసినవా? గీ తీరు కావాలె" అన్నాడు. వరప్రసాద్ అంటే మొయినాబాద్‌లో ఫామ్‌హౌస్‌లు కట్టే ఇంజనీరు. ఆయనకీ మాకూ ఏం పని అని మనసులో ఒక ముల్లు గుచ్చుకుంది.

వంటిల్లు ఆ ఇంట్లో లేదు. వెనక విడిగా ఉంది. పొగ, వాసన, మనుషులు దొరల కంటబడకూడదని అట్లా కట్టారట. అక్కడి నుంచి పెద్దింటి దాకా రాళ్లు పరిచిన సన్నటి దారి. డెల్ఫిన్ ఆ దారి మీద నిలబడి, ఇక్కడివాళ్లు చెప్పుకునే మాట ఒకటి చెప్పింది. తిండి పళ్లేలు మోసుకుపోయేవాళ్లు ఈ దారి పొడుగునా ఈల వెయ్యాలట. ఈల ఆగిందంటే నోట్లో ఏదో వేసుకున్నట్టు లెక్క. ఎవరో ఈల వేసి నవ్వారు. నాకు నవ్వు రాలేదు. పెళ్లయిన మొదటి ఏడాది నేను వంటింట్లో ఉంటే అత్తమ్మ హాల్లోంచి ఉండి ఉండి "అరుణా" అని పిలిచేది. "ఆఁ అత్తమ్మా" అనాలి. అంతే, ఇంకేం పని ఉండదు. పలకడం ఆలస్యమైతే లేచి వచ్చి పాలగిన్నె మూత తీసి మీగడ చూసేది. మా అత్తింట్లో అనుమానం మొదట నా మీదే వాలింది. తర్వాతే నేను నేర్చుకున్నాను. ఆ మనుషులు పడిందాన్ని నా బతుకుతో పోల్చుకునే ధైర్యం నాకు లేదు. వాళ్లను అమ్మారు, కొట్టారు, పిల్లల్ని విడదీశారు. నాకు అట్లాంటిదేం జరగలేదు. కాని ఆ దారి మీద నా కాళ్లకు తోవ తెలిసినట్టే అనిపించింది.

వంటింటి గోడకు పైన వరసగా ఎనిమిది ఇత్తడి గంటలున్నాయి. ఒక్కోదానికి పెద్దింట్లోని ఒక్కో గది నుంచి తీగ. గంటలన్నీ ఒకే సైజు కావు. చప్పుడును బట్టి ఏ గదికి ఉరకాలో వంటామెకు తెలియాలి గదా అన్నది డెల్ఫిన్. మా ఆయన ముఖం వెలిగిపోయింది. తీగ పట్టుకొని గట్టిగా లాగాడు. గంట మోగింది. డెల్ఫిన్ "దయచేసి ముట్టుకోకండి" అన్నా ఆయనకు వినబడలేదు. అందరి వైపు తిరిగి "మా ఇంట్ల గూడ సేమ్ సిస్టమ్! మూడు రిమోట్లు, మూడు టోన్లు. గుడి గంట, పిట్ట, బ్యాండు" అన్నాడు. అదే మాట ఆవిడకు కూడా ఇంగ్లిష్‌లో గర్వంగా చెప్పాడు.

డెల్ఫిన్ ఆయన్ని చూడలేదు. నన్ను చూసింది. "మరి ఆ గంటకు ఎవరు వెళ్తారు?" అని అడిగింది.

మా ఆయన ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. అందరూ నా వైపు చూశారు. "నేనే" అన్నాను. నా ఇంగ్లిష్ ఆ ఒక్క మాటకే సరిపోయింది. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

అందరూ బస్సు వైపు పోతుంటే ఆవిడ నా పక్కన నడిచింది. తన ముత్తవ్వకు ముత్తవ్వ ఈ వంటింట్లోనే పనిచేసిందట. అందుకని వాళ్లింట్లో ఒక కట్టుబాటు ఉందని చెప్పింది. ఒక గదిలో ఉండి ఇంకో గదిలో ఉన్న మనిషిని ఎవరూ పిలవరట. చిన్న పిల్లలు కూడా పిలవరు. నీకు ఎవరితో పని ఉందో వాళ్లున్న చోటికి నడిచిపోయి, ముఖం చూసి అడగాలి. ముసలామె మంచంలో ఉంటే? అని అడిగాను, నా అనుమానం ఎక్కడికి పోతుంది. "గంటకోసారి ఎవరో ఒకరం నడిచి వెళ్తాం. మా తమ్ముళ్లతో సహా" అన్నది.

బస్సులో మా ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు. "మస్తున్నది గదా ఇల్లు? నీకు నచ్చిందా?" అన్నాడు. ఆ గొంతులో ఏదో ఆశ ఉంది. నచ్చిందన్నాను. అది అబద్ధం కాదు. హోటల్‌కొచ్చాక ఆయన బాల్కనీలో కూర్చొని చాలాసేపు ఏదో గీశాడు. నేను లోపలికి రాగానే జేబులో పెట్టుకున్నాడు.

ఇదంతా తలచుకుంటూ బట్టలు మిషన్లో వేసి వెనక్కి నడిచాను. పది రోజులైంది నా పూలు చూసి. ఆదివారం రాగానే పోదామంటే "అలిసిపోయినవ్, రేపు చూద్దువు" అని ఆయనే ఆపాడు. పాలీహౌస్ తలుపు తీసి లోపల అడుగుపెట్టగానే ఎందుకు ఆపాడో తెలిసింది. మడుల మీదుగా, నడవల మీదుగా, ఈ చివర నుంచి ఆ చివరి దాకా తెల్లటి సున్నం గీతలు. పెద్ద చతురస్రం, దాని పక్కన కోడిగుడ్డు ఆకారం. ఎర్ర జెర్బెరాల ఆకులు సున్నం పడి మాడిపోయి ఉన్నాయి.

సంగమ్మ మూలన కట్టలు కడుతోంది. తొమ్మిదేళ్లుగా నాతో ఉన్న మనిషి. నేనొచ్చింది చూసి లేచి నిలబడింది, దగ్గరికి రాలేదు. మామూలుగా అయితే నేను చప్పట్లు కొట్టి "సంగమ్మా" అని కేకేసేదాన్ని. చేతులు లేచాయి కూడా. ఎందుకో ఆగిపోయి ఆమె దగ్గరికే నడిచాను.

"ఎవరు పోసిండ్రు ఇది?"

"మీరు పోయిన ఏడో దినం ఇద్దరొచ్చిండ్రు పటేలమ్మా. టేపు పట్టి కొలిచిండ్రు. పటేలుకు తెలుసన్నరు. మీకు తెలుసో తెల్వదో అని ఫోన్ చేస్తనంటే పెద్ద పటేలమ్మ వద్దన్నది. సంబురంగ పోయింది, చెడగొట్టకు అన్నది."

"ఏం కడుతరట?"

సంగమ్మ చేతిలోని దారం వేలికి చుట్టుకుంది. "పెద్ద బంగ్లనట. పెండ్లిళ్లకు కిరాయికిస్తరట. మా పూల పనోళ్లు ఆరుగురికి గూడ అండ్ల పనిస్తరట. ఒక్కతీరు చీరెలిస్తరట. కార్లు వచ్చినప్పుడు గేటు కాడ వరసగ నిలవడి దండం పెట్టాలెనట." చుట్టిన దారం విప్పింది. "నాకు పూల పని తప్ప దండాల పని రాదు పటేలమ్మా."

జాకెట్లోంచి కాగితం తీసి పూర్తిగా విప్పాను. స్తంభాల ఇల్లు పైన ఉంది. కింది మడతలో దాని చుట్టూ ఏమేం రావాలో రాసి ఉంది. పాలీహౌస్ ఉన్న చోట కోడిగుడ్డు గీసి స్విమ్మింగ్ పూల్ అని రాశాడు. పక్కన చతురస్రం పెళ్లి స్టేజి. ముందు పార్కింగ్. ఇంటికి వెనక, దూరంగా, ఒక చిన్న డబ్బా. డబ్బా నుంచి ఇంటి దాకా చుక్కల దారి. డబ్బాలో ఆయన గుండ్రటి అక్షరాలతో ఇట్లా ఉంది: కిచెన్, అరుణ. బెల్లు పన్నెండు.

మొదట చదివింది నమ్మలేదు. మళ్లీ చదివాను. ఆ ఇల్లంతా తిరిగి, అన్నీ విని, నా భర్త దాచుకొని తెచ్చుకున్నది ఇదన్నమాట. ఇంకెక్కడా ఏ మనిషి పేరూ రాయలేదు. మేనేజర్ పేరు లేదు, వాచ్‌మన్ పేరు లేదు, తన పేరు కూడా లేదు. ఒక్క నా పేరే రాశాడు, అదీ ఆ డబ్బాలో. ఏడుపు రాలేదు. కోపం కూడా తర్వాత వచ్చింది. ముందు వచ్చింది ఒక రకమైన తేలిక. ఇన్నాళ్లూ నాది చెడ్డ బుద్ధేమో అనుకున్నాను. అనుమానమే నన్ను కాచింది.

పక్కనున్న షెడ్డులో సంగమ్మ చాయ్ పోసింది. నాకు స్టీలు గ్లాసులో, తనకు షెడ్డు దూలం మీద విడిగా పెట్టుకున్న పాత గాజు గ్లాసులో. ఆ గ్లాసును అక్కడ పెట్టింది ఎవరు? తొమ్మిదేళ్ల కింద అత్తమ్మ పెట్టమంటే నేనే పెట్టాను. ఆ తర్వాత ఏ రోజూ తీయలేదు. దొరసాని పటం ముందు నేనేదో అమాయకురాలిలా నిలబడ్డాను. "ఆ గ్లాసు ఇయ్యి" అని తీసుకొని నా గ్లాసు ఆమె చేతిలో పెట్టాను. సంగమ్మ నన్ను అనుమానంగా చూసింది. చూడనీ. తొమ్మిదేళ్లు నన్ను నమ్మమని అడిగే హక్కు ఒక్క చాయ్‌తో రాదు. మళ్లీ లేచి ఇద్దరం పూల మడుల్లోకి దిగాం.

పదకొండున్నరకు షెడ్డులో పిట్ట కూసింది. నేను ఒక పువ్వు లాగాను. మళ్లీ కూసింది. ఇంకో పువ్వు. తర్వాత పిట్ట ఆగకుండా కూస్తూనే ఉంది, అంటే రిమోట్ మీద వేలు తీయడం లేదన్నమాట. సంగమ్మ "పటేలమ్మా, బెల్లు" అన్నది. "వినొస్తున్నది" అన్నాను. ఫోన్ మోగింది, ఎత్తలేదు. అబద్ధం చెప్పను, రెండు కాళ్లూ ఇంటి వైపు లాగుతున్నాయి. కాళ్లకు మూడేళ్ల అలవాటు.

చివరకు తలుపు దగ్గర నీడ పడింది. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాలో మా ఆయన వంగి లోపలికి వచ్చాడు. ఆయన ఈ పాలీహౌస్‌లో అడుగుపెట్టి రెండేళ్లయి ఉంటుంది. తడి మట్టిలో బూట్లు దిగబడ్డాయి.

"చెవులు పనిచేస్తలేవా? ఎంతసేపటి సంది కొడుతున్న? జల్ది తయారు కా. పన్నెండున్నరకు స్లాటు."

"ఎందుకని అడిగిన నిన్న. సబ్సిడీ అన్నరు."

"మరి సబ్సిడీయే."

కాగితం ఆయన చేతిలో పెట్టాను. చూశాడు. నా ముఖం చూశాడు, సున్నం గీతలు చూశాడు. కోపం చేస్తాడనుకున్నాను. చేయలేదు. నీరుకారిపోయినట్టు పక్కనున్న ఇనప రాటకు చెయ్యి ఆనించాడు.

"చెప్దామనే తీస్కపోయిన అరుణా. నీ కండ్లతోటి చూస్తే నీకే నచ్చుతదనుకున్న. మొయినాబాద్‌ల ఇంత జాగ ఉన్నోళ్లంత ఫామ్‌హౌస్‌లు కట్టి దర్జాగ కూసుంటున్నరు. నువ్వేమో ఈ వేడిల, ఈ మట్టిల. ఎన్నాళ్లు? భూమి వ్యవసాయం కింద ఉంటే కట్టనియ్యరు, మార్పియ్యాలె. పాస్‌బుక్‌ల నీ పేరున్నదాయె. వేలు పెడితే అయిపోతది. కిచెన్ గూడ నీకు మాడ్యులర్ పెట్టిస్తున్న."

ఆయన అబద్ధం ఆడటం లేదు. అదే నాకు ఎక్కువ బాధ. నిజంగానే నాకు మంచి చేస్తున్నాననుకుంటున్నాడు.

"ఇల్లు నచ్చింది" అన్నాను. "మీరు ముందు దిక్కు చూసొచ్చిండ్రు. నేను వెనక దిక్కు చూసొచ్చిన. నేను రాను. వేలు పెట్టను."

"పిచ్చిగాని లేచిందా? వరప్రసాద్ ఆఫీసు కాడ నిలవడ్డడు. నలుగుట్ల నా ఇజ్జత్ పోతది."

"నా వేలు ఖాళీ లేదు" అన్నాను. వంగి కాడ మొదట్లో పట్టుకొని పక్కకు వంచి లాగాను. చప్పుడు వచ్చింది. మొక్క బాగుంది. "ఈ కూలోళ్ల చేతులను మిషిన్ గూడ పట్టది. ఈ ఎకరం ఇట్లనే ఉంటది. పొద్దుగూకేలోపు ఆ సున్నం మీరే కడిగిస్తరో, నేనూ సంగమ్మ కడుగుతమో చెప్పండ్రి."

ఆయన చేతిగడియారం చూసుకున్నాడు. సంగమ్మ తల వంచుకొని కట్టలు కడుతూనే ఉంది. ఆయన చొక్కా చెమటకు వీపున అతుక్కుపోయింది. ఈ వేడిలో మేం రోజంతా ఉంటామని ఆయనకు ఎప్పుడైనా తోచిందో లేదో.

అప్పుడు షెడ్డులో గుడి గంట మోగింది. ఆగి మళ్లీ మోగింది. అలవాటుగా ఆయన నా వైపు తిరిగాడు.

"అమ్మ పిలుస్తున్నది" అన్నాడు.

"అవును" అన్నాను. "పోయి చూడుండ్రి, ఏం కావాల్నో."